గ్యారేజ్ డోర్ స్ప్రింగ్ తెగింది, ఒక్కటే మార్చితే చాలా?

డాలస్_ఇల్లు:
మాది 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు డోర్. పైన షాఫ్ట్ మీదున్న రెండు టార్షన్ స్ప్రింగుల్లో (మెలితిప్పితే బిగువెక్కేవి) ఎడమది తెగింది, మధ్యలో రెండంగుళాల సందు కనబడుతోంది. ఓపెనర్ మూలుగుతోంది, తలుపు అరడుగు లేచి ఆగిపోతోంది. తెగినదొక్కటే మార్చొచ్చా? కొనడానికి ఏ కొలతలు కావాలి?

సుత్తి_పటకారు:
ముందు ఓపెనర్ నొక్కడం మానండి. బరువు మోసేది స్ప్రింగులే, మోటారు కాదు. ఇలాగే లాగిస్తే దాని గేర్ అరిగిపోతుంది.

రెండూ మార్చండి. మామూలు స్ప్రింగ్‌కి రేటింగ్ 10,000 సార్లు. రోజుకు నాలుగుసార్లు తెరిచి మూస్తే ఏడేళ్లు కూడా నిండవు. రెండోది కూడా అన్నిసార్లే తిరిగింది కదా.

కావాల్సినవి తీగ మందం, లోపలి వ్యాసం, పొడవు, చుట్టు దిశ. మందం ఒక్క చుట్టు మీద చూడొద్దు, 20 చుట్లు కొలిచి 20తో భాగించండి. నాలుగున్నర అంగుళాలొస్తే 0.225, దానికి అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గితే 0.218. ఇంత చిన్న తేడాకే తలుపు బ్యాలెన్స్ తప్పుతుంది. పొడవుకి తెగిన ముక్కలు రెండూ ఆనించి కొలవండి. లోపలినుంచి చూస్తే సాధారణంగా ఎడమవైపు కుడిచుట్టు (ఎర్ర కోన్, అంటే స్ప్రింగ్ చివర ఉండే లోహపు ముక్క), కుడివైపు ఎడమచుట్టు (నల్ల కోన్) ఉంటాయి. విప్పే ముందు ఫోటో తీసుకోండి, రంగులు ఒక్కోసారి చెరిగిపోయి ఉంటాయి.

పాత_స్పానర్:
కొలతలు సరే, బిగించడం మీరే చేస్తారా? తెగని స్ప్రింగ్‌లో బిగువు ఇంకా పూర్తిగా ఉందండీ. కోన్ రంధ్రాలకు సరిపడే 18 అంగుళాల ఉక్కు కడ్డీలు రెండు లేకపోతే ముట్టుకోకండి. స్క్రూడ్రైవర్ పెడితే జారి ఎగిరి మొహానికి తగులుతుంది. కడ్డీ రంధ్రంలో చివరిదాకా దిగాకే సెట్ స్క్రూ (కోన్‌ని షాఫ్ట్‌కి బిగించేది) వదులు చెయ్యాలి. అంతకుముందే ఓపెనర్ ప్లగ్ తీసి, తలుపు లేవకుండా ట్రాక్‌కి లాకింగ్ ప్లయర్ పట్టించండి. కింద మూలల్లో కేబుల్ తగిలించిన బ్రాకెట్ల జోలికి వెళ్లొద్దు.

7 అడుగుల తలుపుకి సుమారు ఏడున్నర చుట్లు, అంటే 30 పావు చుట్లు. కేబుల్ రెండువైపులా డ్రమ్ (అది చుట్టుకునే చక్రం) మీద బిగువుగా ఉందో లేదో చూసి చుట్టడం మొదలెట్టండి. సెట్ స్క్రూ షాఫ్ట్‌కి తగిలాక అర చుట్టు, ముప్పావు దాటొద్దు. అతిగా బిగిస్తే బోలు షాఫ్ట్ నొక్కుకుపోతుంది.

డాలస్_ఇల్లు:
చుట్టే పని తెలిసిన మనిషికే ఇస్తాను. అయ్యాక సరిగా కుదిరిందో లేదో ఎలా చూడాలి?

సుత్తి_పటకారు:
తలుపు మూసి ఉండగా ఓపెనర్ నుంచి తలుపుని విడదీసే ఎర్ర తాడు లాగి, చేత్తో నడుముదాకా లేపి వదలండి. నిలబడితే సరే. కిందికి దిగితే పావు చుట్టు ఎక్కించమనండి, పైకి పోతే పావు తగ్గించమనండి. ఏడాదికి రెండుసార్లు స్ప్రింగుల మీద లిథియం లేదా సిలికాన్ స్ప్రే కొట్టండి. ట్రాకుల్లో మాత్రం గ్రీజు పెట్టొద్దు, దుమ్ము పట్టి రోలర్లు ఆగుతాయి.