పాత బోటు డీజిల్ ట్యాంకు విప్పాలి, వెల్డింగ్‌కు తీసుకెళ్లొచ్చా?

మానేరు గట్టు:
అన్నలూ, ఒక సలహా కావాలి. మా బావ, నేను కలిసి పాత ఫైబర్ బోటు ఒకటి కొన్నాం. 18 అడుగులది, లోపల రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. వెనక సీటు కింద 50 లీటర్ల ఇనుప ట్యాంకు. కరీంనగర్ దగ్గర మానేరు డ్యామ్‌లో తిప్పుతున్నాం. ఇరవై నిమిషాలు బాగానే పోతుంది, తర్వాత రొప్పి రొప్పి ఆగిపోతుంది. కాసేపు ఊరుకుని కొడితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. పోయిన ఆదివారం నడి నీళ్లలో ఆగింది. తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చేసరికి చేతులు పడిపోయాయి. ఫిల్టర్ మారిస్తే రెండు రోజులకే నల్లటి జిగురు పట్టింది. ట్యాంకు కింద మూలన చెమ్మ కూడా ఉంది. వెల్డింగ్ షాపులో అడిగితే "ఖాళీ చేసి పట్టుకురా, అరగంట పని" అన్నారు. తీసుకెళ్లనా?

డీజిల్ మామ, హన్మకొండ:
తీసుకెళ్లకు తమ్ముడూ. ఖాళీ ట్యాంకుతోనే అసలు ప్రమాదం. నిండా డీజిల్ ఉంటే లోపల గాలికి చోటుండదు. ఖాళీ చేస్తే గోడలకు అంటిన జిడ్డు నుంచి ఆవిరి లేచి గాలితో కలుస్తుంది. వెల్డింగ్ మంట తగిలిందంటే ట్యాంకు మూలలు విచ్చుకుని పేలుతుంది. "డీజిలే కదా, పెట్రోలు కాదు కదా" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీలు కిందున్నా అంటుకుంటుంది, నిజమే. కానీ మన డీజిల్ ప్రమాణంలో ఆవిరి అంటుకునే ఆ కనీస హద్దు 35 డిగ్రీలే. మే నెలలో మన దగ్గర నీడలోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఇక వెల్డింగ్ వేడి సంగతి చెప్పాలా?

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్. ఇంజన్ రొప్పడం మొదలైనప్పుడు డీజిల్ పోసే మూత తిప్పి చూడు. సుయ్యిమని గాలి లోపలికి పోయి ఇంజన్ తేరుకుంటే బ్రీదర్ పైపు, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం, మూసుకుపోయినట్టే. డీజిల్ తగ్గిన కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా డీజిల్ కదలదు. ఆగి ఉన్నప్పుడు సందుల్లోంచి కొంచెం గాలి దూరుతుంది కాబట్టే మళ్లీ స్టార్ట్ అవుతుంది.

మానేరు గట్టు:
మామా, నిన్న చూశాను. మూత తిప్పగానే సుయ్యిమంది, ఇంజన్ గొంతు మారింది! బ్రీదర్ గొట్టం విప్పి సైకిల్ స్పోక్ పెడితే ఎండిన మట్టి రాలింది. కందిరీగ గూడు కట్టింది. లోపల రెండు ఎండు పురుగులు కూడా ఉన్నాయి. అయితే ట్యాంకు విప్పక్కర్లేదా?

డీజిల్ మామ, హన్మకొండ:
విప్పాలి. ఆగిపోవడానికి కారణం దొరికింది, ఫిల్టర్‌లో జిగురుకు ఇంకా దొరకలేదు. ట్యాంకు సగం ఖాళీగా పడి ఉంటే రాత్రి చల్లబడ్డప్పుడు లోపలి గోడలకు నీటి చుక్కలు పడతాయి. నీళ్లు డీజిల్ కంటే బరువు కదా, అడుగున చేరతాయి. నీళ్లూ డీజిలూ కలిసే ఆ పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నల్ల జిగురు వాటి పనే. మందులు దొరుకుతాయి, కానీ అడుగున నీళ్లు ఉంచి మందు పోస్తే చచ్చిన జిగురంతా ఫిల్టర్‌కే వస్తుంది.

చెరువుకట్ట, ములుగు:
విప్పే ముందు టేపుతో ట్యాంకు పొడవు, వెడల్పు, సీటు కింది తలుపు వెడల్పు కొలవండి. పాత బోట్లలో ట్యాంకు పెట్టాక పైన ఫైబర్ వేసేస్తారు. మా బోటులో నట్లన్నీ విప్పాక తెలిసింది, ట్యాంకు తలుపు కంటే రెండు అంగుళాలు పెద్దదని. ఆ రోజంతా ఆగమాగం.

బ్యాటరీ నెగెటివ్ వైరు ముందే తీయండి. ప్రతి గొట్టానికీ టేపు చుట్టి పేరు రాయండి, సెల్‌లో నాలుగు ఫొటోలు తీసుకోండి. ఇంజన్ నుంచి తిరిగి వచ్చే రిటర్న్ పైపును డీజిల్ లాగే పైపు అనుకుని తిప్పి బిగించేవాళ్లను చూశాను. డీజిల్‌ను చేతి పంపుతో క్యాన్లలోకి తోడండి. చివరి రెండు మూడు లీటర్లు గాజు సీసాలో పట్టి ఒక రాత్రి ఉంచితే నీళ్లెన్నో, మడ్డి ఎంతో కంటికే కనిపిస్తుంది. ఆ మడ్డిని మాత్రం డ్యామ్‌లో పారబోయకండి. కరీంనగర్ తాగేది ఆ నీళ్లే. డబ్బాలో మూత పెట్టి, వాడిన ఇంజన్ ఆయిల్ తీసుకునే వాళ్లకే ఇవ్వండి. పట్టీ బోల్టులు తుప్పు పట్టి ఉంటే బలం చూపించకండి. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలించే నూనె కొట్టి పొద్దున్నే పట్టండి.

మానేరు గట్టు:
ట్యాంకు బయటికి వచ్చింది. దాని కింద గోనెసంచి మడతపెట్టి ఉంది! పట్టుకుంటే నీళ్లు కారాయి. ఆ సంచి తగిలినంత మేర తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. స్క్రూడ్రైవర్ పిడితో తడుతుంటే ఒక చోట శబ్దం మారింది, ఇంకోసారి తడితే పిడి లోపలికి దిగింది. వేలు దూరేంత రంధ్రం. బావ ఎం-సీల్ పెడదాం అంటున్నాడు.

డీజిల్ మామ, హన్మకొండ:
బావకు నమస్కారం చెప్పి ఎం-సీల్ పక్కన పెట్టించు. డీజిల్ నానిన ఇనుము మీద అది పట్టదు. పట్టినా చుట్టూ ఉన్న రేకు కాగితంలా ఉంది, రేపు పక్కన ఇంకో రంధ్రం పడుతుంది. ట్యాంకు కింద బట్ట, సంచి, కార్పెట్ ముక్క, నీళ్లు పీల్చేది ఏదీ ఉండకూడదు. నీళ్లు పీల్చని రబ్బరు పట్టీలు ట్యాంకుకే అంటించి, పట్టీల మధ్య గాలి ఆడేలా కూర్చోబెట్టాలి. కొత్తది చేయించుకో.

కొత్త సభ్యుడు, జమ్మికుంట:
మా ఊళ్లో జీఐ షీటుతో చవకగా చేస్తారు, తుప్పే పట్టదు. అది చేయించండి.

డీజిల్ మామ, హన్మకొండ:
నీళ్ల ట్యాంకుకైతే జీఐ బంగారం. డీజిల్‌కు వద్దు. పైనున్న జింకు పూత డీజిల్‌తో కలిసి సబ్బు లాంటి పదార్థం అవుతుంది, అది పోయి ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలో ఇరుక్కుంటుంది. లోపలివైపు రాగి కూడా వద్దు, డీజిల్ తొందరగా పాడవుతుంది. మామూలు ఇనుము చాలు, బయట మాత్రం మంచి పెయింటు వేయించు. లోపల పెయింటు వేయించకు, పెచ్చులు లేస్తే మళ్లీ మొదటికే. మంచి నీళ్లలో తిరిగే బోటు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు కూడా బాగుంటుంది, డబ్బుల సంగతి నువ్వు చూసుకో. డీజిల్ లాగే పైపు అడుగుకు ఆనకూడదు, ఒక వేలు మందం పైన ఉండాలి. అడుగున ఒక మూల పల్లంగా పెట్టించి డ్రెయిన్ ప్లగ్గు వేయిస్తే నీళ్లు, మడ్డి నెలకోసారి దింపుకోవచ్చు.

చెరువుకట్ట, ములుగు:
తెచ్చుకునే ముందు లీకేజీ చూడండి. కంప్రెసర్ గాలి పెట్టకండి, పలక ట్యాంకు ఉబ్బి అతుకు చీలుతుంది. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు చాలు. ట్యాంకు నిండా నీళ్లు పోసి, గాలి మొత్తం పోనిచ్చి, మిగతా రంధ్రాలు మూసి, ట్యూబును ట్యాంకు పైనుంచి 2 మీటర్ల ఎత్తుకు పట్టుకుని అక్కడిదాకా నీళ్లు పోయండి. దాదాపు 3 పీఎస్‌ఐ ఒత్తిడి వస్తుంది. పావుగంటలో ట్యూబులో మట్టం దిగకపోతే, అతుకుల మీద సుద్దముక్క గీత తడవకపోతే ట్యాంకు బాగున్నట్టే. వెంటనే నీళ్లు వంచి ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కాస్త డీజిల్ పోసి లోపలంతా తిప్పండి. ఒక్క రాత్రి తడిగా ఉంచినా ఎర్రబడుతుంది.

మానేరు గట్టు:
ట్యాంకు కూర్చోబెట్టాం. గొట్టాలన్నీ డీజిల్‌కు పనికొచ్చే కొత్తవే, ఒక్కో చివరకు రెండేసి క్లిప్పులు. బ్రీదర్ చివర సన్న ఇత్తడి జాలీ కట్టాను, కందిరీగకు దారి లేదు. మొదట స్టార్ట్ కాలేదు, ఎయిర్ పట్టింది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి పంపు మీట కొడుతూ పోతే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి డీజిల్ మాత్రమే వచ్చింది. బిగించి కొడితే రెండో దెబ్బకే అందుకుంది. బోటును గట్టుకు కట్టేసి గంటసేపు నడిపాం, ఆగలేదు. గేజు మాత్రం నిండా పోసినా సగమే చూపిస్తోంది.

డీజిల్ మామ, హన్మకొండ:
గేజుకు మట్టం చెప్పే పాత ఫ్లోటు కొత్త ట్యాంకు లోతుకు సరిపోలేదు, దాని చెయ్యి వంచి సరిచేయాలి. అప్పటిదాకా ఒక చదును కర్ర తీసుకో. ట్యాంకు ఈసారి ఖాళీ అయినప్పుడు ఐదేసి లీటర్లు పోస్తూ, పోసిన ప్రతిసారీ కర్ర ముంచి తడి ఎక్కడిదాకా ఉందో కత్తితో గాటు పెట్టు.

మానేరు గట్టు:
సరే మామా. బావ వేప కర్ర చెక్కుతున్నాడు.