సెంట్లు, గజాల లెక్క పైథాన్‌లో తేడా వస్తోంది, కాస్త చూడండి

ప్రశ్న (గుంటూరు నుంచి):
అందరికీ నమస్తే. మా నాన్నగారు దస్తావేజులు రాస్తారు. పొలం పంపకాల లెక్క తేల్చే చిన్న ప్రోగ్రాం ఆయన కోసం పైథాన్‌లో రాస్తున్నాను. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 గజాలు అని పెట్టాను. చాలావరకు బాగానే వస్తోంది. కానీ 145.2 గజాలు ఇస్తే 3 సెంట్లు రావాలి కదా, 2 సెంట్ల 48.39999999999999 గజాలు చూపిస్తోంది. కాగితం మీదికి ఎక్కే లెక్క కాబట్టి టెన్షన్‌గా ఉంది. రౌండ్ చేస్తే సరిపోతుందా అన్నా?

జవాబు (విజయవాడ నుంచి):
వద్దు తమ్ముడూ. గజాలను రౌండ్ చేస్తే 2 సెంట్ల 48.4 గజాలని వస్తుంది, మూడో సెంటు మాత్రం రాదు. నీ పద్ధతి సరిగ్గానే ఉంది, ఇబ్బంది 48.4తోనే. 48.4 గానీ 145.2 గానీ బైనరీలో (కంప్యూటర్ వాడే 0, 1ల లెక్కలో) ఖచ్చితంగా ఇమడవు, రెండూ రవ్వంత తగ్గి నిలుస్తాయి. 145.2లో పడే తరుగు మూడు 48.4ల తరుగు కన్నా ఎక్కువ. అందుకే మూడో సెంటు నిండలేదు.

గజంలో పదో వంతును యూనిట్‌గా పెట్టుకో. సెంటు 484 అవుతుంది, ఎకరం 48,400. ఇక అన్నీ పూర్ణాంకాలే. కొలతను ముందు అన్నిటికన్నా చిన్నదైన ఈ యూనిట్‌లోకి దించి, ఆ తర్వాత శేషాలు తీసుకుంటూ పైకి రా. పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది కాబట్టి ఇలాగే రాసుకోవచ్చు (// అంటే భాగఫలం, % అంటే శేషం):

మొత్తం = (ఎకరాలు * 100 + సెంట్లు) * 484 + వంతులు
వాటా = మొత్తం // 3
వంతులు = వాటా % 484
వాటా = వాటా // 484
సెంట్లు = వాటా % 100
ఎకరాలు = వాటా // 100

2 ఎకరాల 35 సెంట్ల 20 గజాలు ముగ్గురికి పంచి చూడు. మొత్తం 1,13,940 వంతులు, ఒక్కొక్కరికి 37,980. అంటే 78 సెంట్ల 22.8 గజాలు. మూడు వాటాలూ, మిగులు ఉంటే అదీ కలిపితే మళ్లీ మొదటి కొలతే రావాలి, ఆ పరీక్ష ప్రోగ్రాంలోనే పెట్టు. సమంగా తెగకపోతే మిగిలిన వంతును తెరమీద చూపించు. అది ఎవరికి కలపాలో వాళ్లే మాట్లాడుకోవాలి, ప్రోగ్రాం మింగేయకూడదు.

గజాలను ఫ్లోట్‌గా (బైనరీలో దాచే దశాంశ సంఖ్యగా) చదవకు. టెక్స్ట్‌గా తీసుకుని చుక్క దగ్గర విడగొట్టు.

ఇంకొకరు:
మాకు కాలేజీలో బేస్ మార్పిడి (మామూలు పదుల లెక్కలోని సంఖ్యను ఏడులు లాంటి వేరే లెక్కలో రాయడం) అసైన్‌మెంట్ ఇచ్చారు. ఇదే పద్ధతి పనికొస్తుందా అండీ?

జవాబు (విజయవాడ నుంచి):
ఇదేనండీ. పొలం లెక్కలో మెట్టుమెట్టుకీ భాజకం మారుతుంది, బేస్ మార్పిడిలో మారదు, అంతే తేడా. 100ని బేస్ 7లోకి మార్చాలంటే 7తో భాగిస్తూ పోండి. శేషాలు 2, 0, 2 వస్తాయి, చివరి నుంచి చదివితే 202. ఇక్కడ ఎటు చదివినా ఒకటే కాబట్టి తిరగేయడం మర్చిపోయినా తెలియదు. 45ని బేస్ 7లో వేసి చూడండి, 63 రావాలి. సున్నా ఇచ్చినప్పుడు లూపు అసలు తిరగదు, దానికి విడిగా ‘0’ ఇవ్వండి. రుణ సంఖ్య అయితే గుర్తును ముందే పక్కన పెట్టండి. పైథాన్‌లో -1 % 7 అంటే 6, జావాలో -1.

ప్రశ్న అడిగినవారు:
145.2కి ఇప్పుడు సరిగ్గా 3 సెంట్లు వచ్చాయన్నా, చాలా థాంక్స్. తెలంగాణ పొలాలకు గుంటల్లో కావాలంటే?

జవాబు (విజయవాడ నుంచి):
ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. పదో వంతుల్లో 1,210. 100, 484 ఉన్న చోట 40, 1210 పెట్టు, మిగతా కోడ్ ముట్టుకోనక్కర్లేదు.