హిమోగ్లోబిన్ 104 అన్నారు, అంటే ఎంత?

అక్కలకు నమస్తే. హన్మకొండ నుంచి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి నెల రోజులైంది. నాకు ఏడో నెల. 28 వారాల రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 104 అని వచ్చింది. అక్కడ చివరిసారి 10.9 అన్నారు. మిడ్‌వైఫ్ (ఇక్కడ గర్భిణులను చూసే నర్సు) ఐరన్ టాబ్లెట్లు రాయించారు. ఊరి నుంచి తెచ్చుకున్న ఎర్ర టాబ్లెట్లు కూడా ఉన్నాయి. రెండూ వేసుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

•

చెల్లే, ముందు ఆ 104 సంగతి. మన దగ్గర డెసిలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు లెక్క చెప్తారు, ఇక్కడ లీటరుకు. అంటే నీది 10.4. ఈ నెలల్లో 105 కన్నా తగ్గితే ఇక్కడ మందు మొదలుపెడతారు. నీకు తగ్గింది కొంచెమే.

రెండు రకాలూ కలిపి వేసుకోకు. మన ఎర్ర టాబ్లెట్‌లో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఇక్కడ ఎక్కువగా ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్ డబ్బా మీద 200 అని ఉన్నా, అందులో అసలు ఐరన్ 65 మాత్రమే. రెండూ దాదాపు ఒకటే. రక్తం తక్కువుంటే మన దగ్గర రోజుకు రెండు వేయిస్తారు, నిజమే. కానీ ఆ నిర్ణయం డాక్టరుది. తెచ్చుకున్న స్ట్రిప్ మిడ్‌వైఫ్‌కు చూపించు.

ఇంకోటి, చాయ్. చాయ్, పాలు, కాల్షియం టాబ్లెట్ ఇవేవీ ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు. పరగడుపున నిమ్మకాయ నీళ్ళతో వేసుకో, గంట ఆగి చాయ్ తాగు. వికారంగా ఉంటే కొంచెం తిని వేసుకో.

నా మొదటి కాన్పప్పుడు మలబద్ధకం భరించలేక టాబ్లెట్లు మానేశాను. అడిగితే మాత్రం వేసుకుంటున్నానని చెప్పాను. 35వ వారానికి 88కి పడిపోయి, చివరికి సెలైన్‌లా నరానికి ఐరన్ ఎక్కించారు. ముందే చెప్పి ఉంటే రోజు విడిచి రోజు వేసుకోమనేవారు, లేదంటే మందు మార్చేవారు. నువ్వు దాచకు తల్లీ. దొడ్డికి నల్లగా వస్తే భయపడకు, అది మామూలే. ఈ టాబ్లెట్లు వేస్తే బిడ్డ నల్లగా పుడుతుందని ఊళ్ళో అంటారు, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

•

నేనొకటి చెప్తా. మా అత్తమ్మ పరకాల నుంచి ఫోన్ చేసి రోజూ మేక కార్జం తినమనేది. ఇక్కడ గర్భిణులను కార్జం అసలు తినొద్దంటారు. అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ, కడుపులో బిడ్డకు మంచిది కాదు. పప్పు, తోటకూర, బాగా ఉడికిన మటన్ తిను. మందులకు పైసలు కట్టకు. మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ కావాలని మిడ్‌వైఫ్‌ను అడుగు, డెలివరీ తేదీ తర్వాత ఏడాది దాకా పనికొస్తుంది.

•

అక్కా, ఇన్ని రోజులూ పొద్దున చాయ్‌తోనే వేసుకుంటున్నా! రేపటి నుంచి మారుస్తా. స్ట్రిప్‌లు బ్యాగులో పెట్టుకున్నా, గురువారం అపాయింట్‌మెంట్ ఉంది.

•

మంచిది. రెండు మూడు వారాలకు మళ్ళీ రక్తం పరీక్ష చేస్తారు. ఎంత వచ్చిందో ఇక్కడే రాయి, ఎదురుచూస్తుంటా.