ఒక పశువైద్యుడు రోజుకు ఎన్ని వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేయాలి? పరిమితి పెట్టాలా, వద్దా?

పశువైద్యురాలు (చర్చ ప్రారంభం):
నేను ఒక పట్టణంలోని జంతు జనన నియంత్రణ కేంద్రంలో ఒప్పందంపై మూడేళ్లుగా పనిచేస్తున్నాను. అక్కడ చెల్లింపు కుక్కకు ఇంత అన్న లెక్కన జరుగుతుంది. పట్టడం, ఆపరేషన్, రేబిస్ టీకా, తిండి, తిరిగి వదలడం అన్నీ ఆ మొత్తంలోనే సరిపెట్టాలి కనుక, సంఖ్య పెరిగినకొద్దీ గుత్తేదారుకు లాభం. పోయిన నెలలో ఒకరోజు నా బల్ల మీదికి 34 కుక్కలు వచ్చాయి, వాటిలో 22 ఆడవి. సాయంత్రం నాలుగింటికి 29వ కుక్క అండాశయాన్ని పైకి తీస్తుండగా బొటనవేలు పట్టేసి, రక్తనాళాన్ని పట్టి ఉంచే ఫోర్‌సెప్స్ (పట్టుకారు) జారింది; రక్తనాళం కడుపులోకి వెళ్లిపోయింది. కోత పెద్దది చేసి, దాన్ని వెతికి ముడి వేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కుక్క బతికింది గానీ, మిగిలిన అయిదింటినీ ఆ చేతులతోనే చేయవలసి వచ్చింది. వైద్యుడికి రోజుకు 20 మించకూడదని, చెల్లింపు నెల జీతంగా ఉండాలని ఒప్పందంలోనే రాయాలని నా వాదన.

వార్డు నివాసి:
డాక్టర్ గారూ, మీ శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ మా వీధి లెక్క వేరు. ఆడకుక్క సుమారు 63 రోజులు మోసి ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు ఎదకు రావచ్చు. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు తక్కువ వ్యవధిలో ఆపరేషన్లు జరిగితేనే ఫలితం కనబడుతుందని మీ వృత్తివారే చెబుతారు. రోజుకు 20 చొప్పున సాగితే మూడో వార్డుకు చేరేలోపు మొదటి వార్డులో మిగిలినవి పిల్లలు పెడతాయి. నిదానమే ప్రధానమన్న మాట ఇక్కడ చెల్లదు. పరిమితి పెడితే మొత్తం కార్యక్రమమే నీరుగారుతుంది.

కేంద్ర నిర్వాహకుడు:
ఇద్దరూ వైద్యుడి చేతివేగం గురించే మాట్లాడుతున్నారు. నా అనుభవంలో అసలు ఇరుకు బోన్ల దగ్గర ఉంటుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ తరువాత కనీసం నాలుగు రోజులు సంరక్షణలో ఉంచి, ఆ తరువాతే పట్టిన చోట వదలాలి. ఆపరేషన్‌కు ముందు ఖాళీ కడుపుతో ఉంచే రాత్రి కూడా కలిపితే ఒక్కో కుక్క అయిదు రోజులు ఒక బోనును ఆక్రమిస్తుంది. అంటే 100 బోన్లున్న కేంద్రం రోజుకు 20కి మించి తీసుకోలేదు, వైద్యుడు ఎంత నేర్పరి అయినా సరే. డాక్టర్ గారూ, మీ కేంద్రంలో ఎన్ని బోన్లున్నాయి?

మరొక మాట. రెండు బల్లలు వేసి, ఒకదానిపై వైద్యుడు కుట్లు వేస్తుండగా రెండోదానిపై సహాయకుడు తరువాతి కుక్కకు బొచ్చు గీసి, పోవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశిని రాసి సిద్ధం చేస్తే, చేతికి తొందర లేకుండానే సమయం మిగులుతుంది. కుక్కకొక పనిముట్ల పొట్లం ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపి) ఉండాలి. బల్ల మోచేతి ఎత్తులో లేకపోతే వైద్యుడి నడుం, మెడ రెండేళ్లలో పోతాయి. ఇది నేను నా కేంద్రంలోనే ఆలస్యంగా తెలుసుకున్న విషయం.

వల పట్టే వ్యక్తి:
వైద్యుల గురించి ఇంత రాశారు గనుక మా మాట కూడా వినండి. మేము తెల్లవారుజామున నాలుగున్నరకు బండి ఎక్కుతాము. కుక్కకు ఇంత అన్న లెక్క మాకూ వర్తిస్తుంది కాబట్టి, దొరకని వీధిని వదిలి, సులువుగా దొరికే వీధికే మళ్లీ మళ్లీ వెళ్తాము. వార్డు నివాసి గారు అడిగిన 70 శాతం తప్పిపోయేది అక్కడే. ఇక నాతో పనిచేసే ఇద్దరికి ముందస్తు రేబిస్ టీకా వేయించనే లేదు. కరిస్తే తరువాత చూద్దాం అంటారు. జీతం, టీకా ఇచ్చాకనే సంఖ్య అడగండి.

వార్డు నివాసి:
సులువైన వీధికే వెళ్తారన్న సంగతి నాకు తెలియదు, మా సందులోకి బండి ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైంది. అయినా జీతమిస్తే పని మందగించదని భరోసా ఏమిటి? తొలగించిన అవయవాలను పర్యవేక్షణ కమిటీ లెక్కపెట్టి చూసుకునే పద్ధతి ఉన్నది అందుకే కదా. బోన్లు చాలకపోతే బోన్లు కట్టండి, రెండో వైద్యుణ్ణి తీసుకోండి. పరిమితిని మాత్రం నేను ఒప్పుకోను.

పశువైద్యురాలు:
నిర్వాహకుడు గారూ, మీ ప్రశ్నకు జవాబు రాయడం నాకు ఇబ్బందిగానే ఉంది. మా దగ్గర 90 బోన్లున్నాయి. మీ లెక్కన రోజుకు 18 మాత్రమే, అంటే నేను ఉదారంగా కోరిన 20 కూడా ఎక్కువే. 34 చేసిన వారంలో కొన్నింటిని మూడో రోజునే వదిలారు. ఆ సంగతి తెలిసీ నేను సంతకం పెట్టాను. కనుక వైద్యుడికి ఇన్ని అన్న నా కోరికను వెనక్కి తీసుకుంటున్నాను, దాని బదులు ఒప్పందంలో బోన్ల సంఖ్యను అయిదుతో భాగించి వచ్చిందే రోజువారీ పరిమితిగా రాయాలంటున్నాను. బోన్లు పెంచితే సంఖ్య పెరుగుతుంది, అప్పుడు రెండో వైద్యుడూ తప్పనిసరి అవుతాడు. వార్డు నివాసి గారికి ఇందులో అభ్యంతరం ఉండకూడదు. జీతం విషయంలో మాత్రం తగ్గను. అవయవాల లెక్క ఎన్ని చేశామో చెబుతుంది, ఎలా చేశామో చెప్పదు.

బల్ల ఎత్తు ఈ ఉదయం కొలిచాను. నా మోచేతికి జానెడు కిందుగా ఉంది. బల్ల కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టమని వడ్రంగికి చెప్పాను.