నాటిక సెలక్షన్‌కు పోతున్న, ఏం తయారు చేసుకోవాలె?

దేవరకొండ_డైలాగ్:
అన్నలకు, అక్కలకు నమస్తే. నల్గొండల ఒక నాటక సమాజం పరిషత్తు పోటీలకు నాటిక కడుతున్నరు, కొత్తోళ్లను తీసుకుంటరట. సాంఘిక నాటిక, ఆరు పాత్రలు. సెలక్షన్ వచ్చే ఆదివారం పొద్దున పదింటికి. సొంతంగ ఒక ముక్క కంఠస్తం చేసి పోవాల్నా, వాళ్లిచ్చింది చదివితే సరిపోతదా? ఫోన్ల చూసి చదవొచ్చా? గడ్డం ఉంది, తీసెయ్యాల్నా? రాత్రి రిహార్సల్ అయినంక దేవరకొండకు బస్సు దొరకదు. ఈ సంగతి ముందే చెప్పాల్నా, తీసుకున్నంక చెప్పాల్నా?

తెర_వెనుక:
రెండూ ఉండాలె. సొంత ముక్క రెండు నిమిషాలు దాటొద్దు. ఫుల్‌స్కేప్ కాగితం ఒక దిక్కు చేతిరాతతో ఎంత పడితే అంత. ఏడుపు సీను, తాగుబోతు సీను ఎత్తుకోకు. వచ్చినోళ్లల్ల సగం మంది అవే తెస్తరు, మూడోవాడు మొదలుపెట్టేసరికి డైరెక్టర్ టీ వచ్చిందా అని తలుపు దిక్కు చూస్తడు. సినిమా డైలాగు అసలే వద్దు. నువ్వు ఎంత బాగ చెప్పినా వినేటోళ్ల చెవిల ఆ హీరో గొంతే మోగుతది. నడుమ ఒకచోట మనిషి మనసు మారే ముక్క చూసుకో. అప్పు అడుగుదామని వచ్చినోడు అడగకుండనే చెప్పులేసుకొని లేచిపోతడు చూడు, అట్లాంటిది.

ఇక వాళ్లిచ్చే కాగితం. చేతికి రాంగనే మొదలుపెట్టకు. "ఒక్కసారి చూసుకుంట సార్" అంటే ఎవరూ కాదనరు. జిరాక్సు మీద జిరాక్సు తీసిన స్క్రిప్టుల కామాలు, చుక్కలు ఎగిరిపోయి ఉంటయి, అందుకని జేబుల పెన్సిల్ పెట్టుకో. ఊపిరి తీసే చోట నిలువు గీత, నొక్కాల్సిన మాట కింద అడ్డగీత. బ్రాకెట్లల్ల (కోపంగా లేచి) అని ఉన్నది పైకి చదవొద్దు. నవ్వకండి, చదివేటోళ్లు ఉన్నరు. కాగితం ఎడమ చేత్తోని ఛాతీ ఎత్తుల, ముఖానికి అడ్డం రాకుండ జర పక్కకు. వాక్యం మొదలు కాగితంల చూసుకో, చివరి రెండు మూడు మాటలు ఎదుటి మనిషి కండ్లల్ల చూసి చెప్పు.

ఫోన్ వద్దు. మధ్యల స్క్రీన్ ఆరిపోతది, వేలుతోని జరుపుకుంట ఉంటే ఆ చెయ్యి ఇంక దేనికీ పనికిరాదు.

మూడో_వరుస:
కొత్తోళ్లు ఎక్కువ ఎగిరిపోయేది ఒక్క కారణంతోని: మాట చివర మింగుడు. మన భాషల అవునా కాదా అన్నది క్రియ తోకలనే ఉంటది. చెప్పిన, చెప్పలే. తీసుకుంటడు, తీసుకోడు. ఆ తోక పడిపోయిందంటే నాలుగో వరుసల కూసున్నోడికి కథే తిరగబడుతది. అద్దం ముందు నిలబడి చేస్తే ఇది తెల్వదు. పక్క రూముల ఒకరిని కూసోబెట్టు, ఫ్యాన్ వెయ్యి, తలుపు ఓరగ వెయ్యి. నువ్వు పది వాక్యాలు చెప్పు, వాళ్లు ప్రతి వాక్యంల ఆఖరి మాట రాయాలె. ఎనిమిది సరిగ్గ రాస్తే చాలు. అరిస్తే ఇది బాగుపడదు, అరిచినప్పుడు మొదటి అక్షరమే పెద్దగైతది, చివరిది ఇంకా సన్నగైతది.

వత్తులకు: అరచెయ్యి నోటి ముందట పెట్టి "బాధ" అను. "ధ" కాడ గాలి చేతికి తగలాలె. తగల్లేదంటే "బాద" అన్నట్టే.

పెట్టె_మాస్టర్:
ఇవన్నీ తర్వాత సంగతులు నాయనా. శృతి, అంటే పద్యానికి గొంతు పెట్టుకునే ఎత్తు, తెలియనివాడు స్టేజీ ఎక్కకూడదు. మగవాడన్నాక మూడున్నర, నాలుగు శృతిలో పలకాలి. ఒక ఉత్పలమాల, ఒక మత్తేభం, ఒక సీసం తేటగీతితో సహా ధారణలో ఉంచుకో. ఆరున్నొక్క రాగంలో ఎత్తుకోకుండా మోహనలోనో కల్యాణిలోనో మొదలుపెట్టు. ముప్పై ఏళ్లుగా హార్మోనియం ముందు కూర్చుంటున్నవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు.

కందనూలు_పోరడు:
మాస్టరుగారూ, మూడున్నర ఏ మెట్టు? పెట్టె మీద తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు. నల్లవి ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకు నాలుగుకు నడుమ నల్ల మెట్టే లేదు కదా. ముప్పై ఏండ్లల్ల ఒక్కసారి కూడ కిందికి చూడలేదా?

పెట్టె_మాస్టర్:
పుస్తకం చూసి పెట్టె నేర్చుకున్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు. మా గురువుగారు మూడున్నర అనే అనేవారు. పాత పెట్టెల్లో రీడ్లు అరిగి శృతి అటూ ఇటూ అవుతుంది, మూడు కాస్త పైకి పలుకుతుంది. అది మూడున్నర.

కందనూలు_పోరడు:
అది శృతి కాదు సార్, రిపేరు.

మక్తల్_మాట:
ఇద్దరూ ఆగండి. మా దిక్కు పెట్టె వాయించేటోళ్లు కాలీ (నల్లది), సఫేద్ (తెల్లది) లెక్కల చెప్తరు. కాలీ ఏక్ అంటే ఒకటిన్నర, కాలీ దో రెండున్నర, కాలీ తీన్ నాలుగున్నర, కాలీ చార్ ఐదున్నర, కాలీ పాంచ్ ఆరున్నర. కాలీ తీన్ అంటే మూడో నల్లది. అది నోట్ల నాని నాని మూడున్నర అయ్యుంటది. గురువుగారు తప్పు అనలే, విన్నోళ్లు తప్పు విన్నరు.

కందనూలు_పోరడు:
అట్లైతే సారు అడుగుతున్నది నాలుగున్నర. ఇంకా అన్యాయం. ఒకటో శృతిల తార (పైస్థాయి) పంచమం ఏ మెట్టు మీద పలుకుతదో, నాలుగో శృతిల అదే మెట్టు తార రిషభం. ఒకటిల గొంతు అంచుదాక పోయినోడికి నాలుగుల పైస్థాయి అప్పుడే మొదలైనట్టు. మైకులు లేని కాలంల ఆఖరి చాపదాక వినబడాలని పై శృతి పెట్టుకున్నరు. ఇప్పుడు ముందట నాలుగు మైకులు ఉంటయి. ఒకటిన్నర, రెండుల పాడితే ఏం పోయింది?

పెట్టె_మాస్టర్:
రెండు శృతిలో పాడితే అది పద్యం కాదు, జోలపాట. కాటిసీనులో ప్రేక్షకుడు నిద్రపోతాడు.

సైడ్_వింగ్:
ఆ పిల్లగాడు అడిగింది సాంఘిక నాటిక, పద్యనాటకం కాదు. పెట్టె మూసెయ్యండి సారూ.

తమ్మీ, బస్సు సంగతి ముందే చెప్పు. సమాజాలల్ల అందరూ నౌకరీలు, దుకాణాలు చూసుకొని వచ్చేటోళ్లే. ఏడింటికి అంటే ఎనిమిదికి మొదలైతది, పదిన్నరకు లేస్తరు, ముప్పై నలభై రోజులు. ఒక్కరు రాకుంటే ఆ సీనుల మిగతా ముగ్గురు ఖాళీగ కూసోవాలె. అందుకనే నటన జర తక్కువున్నా రోజూ వచ్చేటోణ్ణే తీసుకుంటరు, ఇది ఎవరూ పైకి చెప్పరు. వరికోతలు, ఇంట్ల పెండ్లి, పరీక్ష డ్యూటీ, నువ్వు రాలేని తేదీలు ఒక కాగితం మీద రాసి ఇయ్యి. ఆదివారాలు పొద్దుమూకేదాక ఉంటానను, నడిమి రోజులల్ల నీ పాత్ర లేని సీన్లు పెట్టుకోమను. ఒప్పుకుంటే ఒప్పుకుంటరు.

ఆడపిల్లలు చదువుతుంటే వాళ్లకు కూడ ఒక మాట. రిహార్సల్ జాగ ఎక్కడ, ఇంకో ఆడమనిషి ఎవరున్నరు, ప్రదర్శన వేరే ఊర్ల అయితే రానుపోను బండి ఎవరిది, రాత్రి ఉండేది ఎక్కడ, ఇవి తేలినంకనే స్క్రిప్టు చేతిల పట్టుకోండి. బయటినుంచి పిలిపించే నటీమణులకు ప్రదర్శనకు ఇంత అని లెక్క ఉంటది. స్థానికంగ దొరికిందని మనకు చార్జీలు కూడ ఇయ్యరు. అడగండి.

గడియారం_సెంటర్:
కళాసేవకు వచ్చి చార్జీలు అడగడం ఏమిటండీ.

సైడ్_వింగ్:
లైటింగ్ ఆయన కళాసేవకే వస్తడా? మేకప్ డబ్బా ఊరికే వస్తదా? వాళ్లను అడిగి చూడండి.

గడియారం_సెంటర్:
సరే, వదిలేద్దాం. అసలు విషయం ఎవరూ చెప్పలేదు. భాష. స్క్రిప్టులో "వచ్చాడు, వెళ్తాను" అని ఉంటే అలాగే చదవాలి. మనవాళ్లు "వచ్చిండు, పోత" అని తమకు తెలియకుండానే మార్చేస్తారు, అక్కడే మార్కులు పోతాయి.

మక్తల్_మాట:
ఎవరి మార్కులు? ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929ల తెనాలిల పుట్టింది. అక్కడి మాటే నాటకం మాట అని స్థిరపడ్డది. మనోడు మన మాట మాట్లాడితే నౌకరు వేషం, లేకుంటే విలన్ పక్కన నవ్వేటోడి వేషం. డాక్టర్ పాత్ర "ఏమైంది పెద్దమ్మా, ఎన్నొద్దుల సంది?" అంటే రోగం తగ్గదా?

గడియారం_సెంటర్:
రచయిత రాసింది మార్చే హక్కు నటుడికి లేదు. ఇందులో తెనాలి ఎందుకొచ్చింది?

మక్తల్_మాట:
మీ ఊరి గడియారమే మీకు పక్క ఊరి టైం చూపిస్తున్నట్టుంది.

తెర_వెనుక:
కొట్లాట బయట పెట్టుకోండి. పని చెప్తున్న. యాసతోని నష్టం లేదు, కలగలుపుతోని నష్టం. ఒకే డైలాగుల "వచ్చిండు" అని, రెండు మాటలైనంక "వెళ్లిపోయాడు" అంటే పాత్ర ఏ ఊరిదో వినేటోనికి అంతుపట్టదు. సెలక్షన్ల రాసింది రాసినట్టు చదువు. అయిపోయినంక "ఇదే మా దిక్కు మాటల చెప్పాల్నా సార్?" అని అడుగు. రెండూ వస్తయని తెలుస్తది. చెప్పేటప్పుడు కూడ ఒక్క ఊరు పట్టుకో. సినిమాలల్ల వినే యాస తెచ్చిపెట్టకు. కోదాడ, హుజూర్‌నగర్ దిక్కు ఆంధ్ర పలుకు తగులుతది, నారాయణపేట, మక్తల్ దిక్కు కన్నడం, అలంపూర్ దిక్కు కర్నూలు. నీది దేవరకొండ అయితే దేవరకొండే.

కొత్త_వేషం:
నేను కూడ పోతున్న, వనపర్తిల వేరే సమాజానికి. స్క్రిప్టు ఇయ్యకుండ "బస్సుల చిల్లర గొడవ చెయ్యి" అన్నట్టు ఒక సందర్భం ఇస్తే ఏం చేస్తరు?

మూడో_వరుస:
కండక్టర్ వేషమే అనుకో. నోరు ఆలస్యంగ తెరువు, ముందు చేతులకు పని పెట్టు. టికెట్ మిషన్ ఎడమ చేతిల, నోట్లు నిలువుగ మడిచి వేళ్ల సందుల, బ్యాగు చంకకు. నడుము సీటుకు ఆనించి రెండు చేతులు ఖాళీ చేసుకుంటడు కండక్టర్, కమ్మీ పట్టుకొని టికెట్ కొట్టడు. బ్రేకు పడితే ఒళ్లు ముందుకు తూలాలె, బస్సు కదిలితే వెనక్కి. సగం మంది ఇది ఉల్టా చేస్తరు. ఇంకో సగం మంది బస్సు ఆపినంక కూడ ఊగుతనే ఉంటరు. ఎదుటోడు ఏదన్న అంటే "కాదు" అని తెగ్గొట్టకు, సీను అక్కడికే చస్తది. "పదకొండు రూపాయలకు ఐదొందలా" అంటే "అదొక్కటే ఉంది" అని అందుకో, గొడవ ముందుకు పోతది.

చెప్పులు విడిచి చెయ్యి. బల్లలు జోడించిన స్టేజీ మీద అడుగు చప్పుడు కింద మైకులు మాటకంటె ముందు పట్టేస్తయి. సెలక్షన్ల మైకు లేకున్నా నీ నడక చూసేటోళ్లు దాన్నే చూస్తరు.

తెర_వెనుక:
ఇంకొకటి. వేషం రాకుంటే ఇంటికి పోకు. "రిహార్సల్‌కు రానోళ్ల బదులు చదువుత" అని పేరు ఇచ్చి రా. రెండో వారంల ఎవరో ఒకరు మానేస్తరు, అప్పటికి క్యూలు (ఎవరి మాట మీద అందుకోవాల్నో), మూవ్‌మెంట్లు నీకు వచ్చి ఉంటయి.

దేవరకొండ_డైలాగ్:
అందరికీ చాల థాంక్స్. చివరి మాటలు రాసే పరీక్ష మా చెల్లెతోని పెట్టించిన, పదిల ఐదే వచ్చినయి. ఇంకో నాలుగు రోజులు ఉంది. గడ్డం సంగతి ఎవరూ చెప్పలే.

పెట్టె_మాస్టర్:
గడ్డం అలా ఉంచు. ఉత్పలమాలలో యతి ఎన్నో అక్షరం?

దేవరకొండ_డైలాగ్:
పదోది సార్.

పెట్టె_మాస్టర్:
శభాష్. చంపకమాల పదకొండు, శార్దూలం పదమూడు, మత్తేభం పద్నాలుగు. అక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి.

కందనూలు_పోరడు:
తియ్యొద్దు తమ్మీ! యతి చెవికోసం, ఊపిరి అర్థంకోసం. పదో అక్షరం మాట నడుమ పడితే మాటను ఇరగ్గొడతవా? ముందు పద్యాన్ని వచనం లెక్క మామూలుగ చెప్పుకో, అర్థం ఎక్కడ ఆగుతదో అక్కడ గీత పెట్టుకో. ఆలాపన ఆ గీతల కాడనే.

సైడ్_వింగ్:
గడ్డం ఉంచుకొనే పో తమ్మీ, అంచులు మాత్రం కత్తిరించుకో. పెదవులు కనబడాలె, లేకుంటే నవ్వుతున్నవో మూతి ముడుస్తున్నవో దూరానికి తెల్వదు. తీసెయ్యమంటే ఒక్క బ్లేడు పని. లేనిది అంటించాలంటే స్పిరిట్ గమ్ (అంటించే జిగురు), క్రేప్ హెయిర్ (అంటించే వెంట్రుకలు), కూసున్న చోట కదలకుండ ముప్పావుగంట. వేడికి చెమట పట్టిందంటే మొదలు పెదవి మీదనే లేస్తది. అంటించినా గుంజి తియ్యొద్దు, కొబ్బరినూనె రాసి నాననియ్యాలె, లేకుంటే తోలు వస్తది.

తెర_వెనుక:
మీసం కూడ ముట్టుకోకు. ఊరి పెద్ద పాత్ర ఉంటే దానికే అక్కరకొస్తది.

దేవరకొండ_డైలాగ్:
సరే అక్కా, సరే అన్నా. ఆదివారం ఆరింటి బస్సుకు పోత.

పెట్టె_మాస్టర్:
అక్కడ పెట్టె ఉంటే ఏ శృతిలో పెట్టారో చూసి రాయి.