గ్రానైట్ నేల మీద యోగాకు ఎంత మందం మ్యాట్ మంచిది?

ప్రశ్న (తిరుపతి, విశ్రాంత ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. నా వయసు 59 సంవత్సరాలు. మేము ఉండేది పద్మావతిపురంలో, ఇంటి నేలంతా పాలిష్ చేసిన గ్రానైట్. ఆరు నెలలుగా ప్రతి ఉదయం సూర్య నమస్కారాలు, మోకాళ్లు ఆనించి చేసే మార్జాలాసనం, ఉష్ట్రాసనం, ఆపైన వృక్షాసనం చేసి శవాసనంతో ముగిస్తున్నాను. మోకాళ్లు ఒత్తుకుపోతున్నాయని చెబితే మా అబ్బాయి 10 మిల్లీమీటర్ల మెత్తటి మ్యాట్ తెప్పించి ఇచ్చాడు. మోకాళ్లకు హాయిగానే ఉంది కానీ, వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడితే పాదం కింద నేలే కదులుతున్నట్టుండి గోడ పట్టుకోవలసి వస్తోంది. మునుపెన్నడూ పట్టుకున్నదాన్ని కాదు. పైగా ఈ మే నెల ఉక్కపోతకు అరచేతులు చెమర్చి, చేతులూ పాదాలూ నేలకు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో ముందుకు జారిపోతున్నాయి. మొన్న అలాగే జారి గడ్డం నేలకు తగిలింది. దెబ్బ చిన్నదే అయినా భయం పట్టుకుంది. పలుచటి మ్యాట్ కొంటే నా మోకాళ్లు ఓర్చుకుంటాయా? రబ్బరు, పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్), టీపీఈ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) అంటున్నారు, వీటిలో నాకు ఏది తగినది?

సమాధానం (చిత్తూరు, యోగా శిక్షకురాలు)

అమ్మా, నమస్కారం. మీరు తూలడానికి కారణం వయసు కాకపోవచ్చు, ముందు మ్యాట్‌ను అనుమానించండి. అంత మందంగా, మెత్తగా వచ్చేవి ఎక్కువగా ఎన్‌బీఆర్ అనే నురుగుతో చేసినవి. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలి చూడండి, పడిన గుంత నెమ్మదిగా పూడుతుంది. ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒళ్లు బరువంతా ఆ పాదం మీదే పడి, మడమ కింద ఒకలా, వేళ్ల కింద ఒకలా మ్యాట్ దిగిపోతుంది కనుక చీలమండ క్షణక్షణమూ సర్దుకుంటూ ఉండాలి. మణికట్టుకూ ఇదే ఇబ్బంది: అరచేతి మొదలు లోపలికి దిగితే మణికట్టు మరింతగా వెనక్కి వంగి నొప్పి పెడుతుంది. పడుకుని చేసే వ్యాయామాలకు ఆ మ్యాట్ బాగుంటుంది గానీ, నిలబడి చేసే ఆసనాలకు నేను ఒప్పుకోను.

మీకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందంతో, నొక్కి వదలగానే పైకి లేచే గట్టి మ్యాట్ చాలు. మోకాళ్ల భారాన్ని మాత్రం మ్యాట్ మీద వేయకండి. పాత నూలు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, మార్జాలాసనంలోనూ ఉష్ట్రాసనంలోనూ మోకాళ్ల కింద పరుచుకుని, నిలబడే ఆసనాలకు పక్కకు తీసేయండి. అప్పటికీ నొప్పి ఉంటే ఎముకల వైద్యునికి చూపించుకున్న తరువాతే ఉష్ట్రాసనం చేయండి.

జారడం అన్నారే, అందులో రెండు వేరు వేరు సంగతులున్నాయి. మ్యాటే నేల మీద జారుతుంటే, దుమ్ము లేకుండా గ్రానైట్‌ను తడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత పరచండి. చెయ్యి మ్యాట్ మీద జారుతుంటే అది చెమట వల్ల వచ్చినది. పీవీసీ, టీపీఈ మ్యాట్‌లు సాధారణంగా చెమటను పీల్చుకోవు, అది పైనే నిలిచి జారుడవుతుంది. కొత్త పీవీసీ మ్యాట్ మీద ఉండే నున్నటి పొర పోవాలంటే పలుచటి సబ్బునీళ్లతో రెండు మూడు సార్లు తుడవాలి. ఆ తరువాత అది ఏళ్ల తరబడి మన్నుతుంది. టీపీఈ తేలిక, కానీ త్వరగా అరుగుతుంది. జారకుండా పట్టు ఇవ్వడంలో సహజ రబ్బరును మించినది నేను చూడలేదు. అయితే అది బరువు, కొత్తలో వాసన వేస్తుంది, రబ్బరు పాలు పడనివారికి దద్దుర్లు వస్తాయి. మీకు అలాంటి ఇబ్బంది లేకపోతే రబ్బరుదే తీసుకోండి.

సమాధానం (తిరుపతి, పొడవైన మనిషి)

రబ్బరు మ్యాట్ కొంటే ఎండ తగలనివ్వకండి. నేను కడిగి మిద్దె మీద ఆరవేసేవాణ్ణి. ఒక్క వేసవిలోనే అంచులు పెళుసెక్కి, చుట్టబోతే పొట్టులా రాలిపోయాయి. నీడలో, ఫ్యాన్ గాలికి ఆరనివ్వడమే దానికి మంచిది. ఇంకొకటి, మామూలు మ్యాట్ పొడవు 173 సెంటీమీటర్లు. నాది 5 అడుగుల 11 అంగుళాల ఎత్తు కనుక శవాసనంలో మడమలు చల్లటి బండ మీదికి వచ్చేవి. 183 సెంటీమీటర్లది తీసుకున్నాక ఆ బాధ తీరింది.

సమాధానం (చిత్తూరు)

అమ్మా, చెమటకు తేలికైన ఉపాయం ఒకటి ఉంది. మైసూరులో అష్టాంగ యోగా చేసేవారు మ్యాట్ మీద నూలు రగ్గు పరుచుకుంటారు. నూలు చెమటను పీల్చుకుని, తడిసేకొద్దీ పట్టు ఇస్తుంది. పొడిగా ఉంటే మాత్రం జారుతుంది కనుక మొదలుపెట్టే ముందు చేతులు ఆనే చోట నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించుకోవాలి. ఇంట్లో ఉన్న పలుచటి జంపఖానాతో నేను అలాగే చేస్తున్నాను. ఉత్త గ్రానైట్ మీద మాత్రం దాన్ని ఎప్పుడూ వేయకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మ్యాట్‌ను బొటనవేలితో నొక్కి చూశాను, చెప్పినట్టే గుంత చాలాసేపు ఉండిపోయింది. దాన్ని తీసేసి, ఉత్త నేల మీద వృక్షాసనం వేస్తే ఇరవై శ్వాసలు గోడ ముట్టకుండా నిలబడగలిగాను. మడత దుప్పటి మీద మార్జాలాసనం కూడా నొప్పి లేకుండా సాగింది. అబ్బాయి ప్రేమగా ఇచ్చిన మ్యాట్‌ను శవాసనానికి ఉంచుకుంటాను. ఆదివారం గాంధీ రోడ్డుకు వెళ్లి, దుకాణంలోనే చెప్పులు విప్పి, ఒంటికాలి మీద నిలబడి చూసి మరీ రబ్బరు మ్యాట్ తెచ్చుకుంటాను.