ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కించడం తప్పా?

చిన్నిఅమ్మ:
మా పాపకి రెండేళ్ల తొమ్మిది నెలలు. మియాపూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటాం. ప్లేస్కూల్ ఆటో 8:35కి గేటు దగ్గరికొస్తుంది. అందులో ఇంకా ఆరుగురు పిల్లలు, ఎక్కువసేపు ఆగదు. 7 గంటలకే లేపుతాను. పాలు, స్నానం వరకు గొడవ లేదు. ఇడ్లీ దగ్గర మొదలవుతుంది. ముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది, మింగదు, ఉమ్మదు. తర్వాత బూట్లు. ఎడమ కాలికి తొడిగేలోపు కుడి కాలిది లాగి పారేస్తుంది. నిన్న "తాళం నేనే వేస్తా" అంటే వేయించాను. లిఫ్ట్ దగ్గర పక్కింటాయన బటన్ నొక్కేశారు. అది తనే నొక్కాలట. నేల మీద పడి దొర్లింది. భుజాన వేసుకుని మెట్లు దిగి ఆటో ఎక్కించాను. వీధి మలుపు దాకా ఏడుపు వినిపిస్తూనే ఉంది. మా అత్తగారు ఫోన్లో "పసిదాన్ని అలాగా పంపేది" అన్నారు. నేను చేసింది తప్పా?

తెనాలి బామ్మ:
తప్పే తల్లీ. మూడేళ్లు నిండని పిల్లకి బడి ఏమిటి? 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో కూడా మూడేళ్ల నుంచే లెక్క, ఒకటో తరగతి ఆరేళ్లకి. ఆ మాత్రం ఆగలేరా? 8:35 అంటే ఏమిటో దానికి తెలుసా? మా పిల్లలు ఐదో ఏట బడికి పోయారు. ఇద్దరూ ఇంజనీర్లే.

వరంగల్ పిల్ల:
బట్టలు, బ్యాగ్ రాత్రే సర్దిపెట్టుకోండి అక్కా. సగం టెన్షన్ పోతుంది.

షిఫ్ట్ నాన్న:
నాకు అర్థం కానిది ఒక్కటే. అసలు బూట్లు ఎందుకు? మన ఎండలకి సాక్సులేసి బూట్లు బిగిస్తే ఏ పిల్లయినా లాగేస్తుంది. చెప్పులు వేసి పంపండి. నేను మా బాబుకి అదే చేశాను, పావుగంట మిగిలింది.

చిన్నిఅమ్మ:
స్కూల్లో బూట్లే వేయమన్నారండి. బామ్మగారూ, ఆగే వీలుంటే ఆగేదాన్ని. నాకు 26 వారాల సెలవు దొరికింది, అది ఎప్పుడో అయిపోయింది. 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017లో చట్టం చేశారు. మా ఆఫీసులో 31 మందిమి. మా అమ్మ లేదు. అత్తగారు ఊరు వదిలి రారు.

షిఫ్ట్ నాన్న:
బూట్లే వేయాలని రాసి ఇచ్చారా, నోటితో చెప్పారా? నోటి మాటైతే చెప్పులతో పంపి చూడండి. ఎవరూ వెనక్కి పంపరు.

తెనాలి బామ్మ:
చెప్పులా బూట్లా అన్నది కాదు బాబూ ఇక్కడ సంగతి. పిల్ల ఏడ్చిందంటే వెళ్లడం ఇష్టం లేదని. దాని మాట వినేవాళ్లు లేరు.

అంగన్‌వాడీ టీచర్:
మా సెంటర్‌కి మూడేళ్లు నిండినవాళ్లే చదువుకి వస్తారు. వాళ్లు కూడా కొత్తలో వారం, పది రోజులు గుమ్మంలో ఏడుస్తారు. తల్లి కనుమరుగైతే చాలామంది కాసేపట్లో బొమ్మల దగ్గరికి వెళ్లిపోతారు. తల్లి కిటికీలోంచి తొంగి చూస్తుంటే మాత్రం ఆగరు. ఒక అమ్మ రోజూ బాబు చేతికి కరివేపాకు రెబ్బ ఇచ్చి "టీచరమ్మకి ఇచ్చిరా" అనేది. నాకివ్వాలని వాడు పరుగెత్తుకొచ్చేవాడు. పాప చేతికి కూడా ఏదో ఒకటిచ్చి చూడండి.

తెనాలి బామ్మ:
మా మనవడికి కరివేపాకు కూడా అక్కర్లేదు. నేను ఇంట్లో ఉండగానే రెండున్నరేళ్లకి ప్లేస్కూల్లో వేశారు. "మీ దగ్గరుంటే ఏబీసీడీలు రావత్తయ్యా" అంది కోడలు. నా కాలు పట్టుకుని వదలకపోతే వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకెళ్లింది. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆ ఇంట్లో నేను ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

చిన్నిఅమ్మ:
బామ్మగారూ, మీ కోడలి మీద కోపం నా మీద చూపిస్తున్నారు. మీలాంటి పెద్దావిడ మా ఇంట్లో ఉంటే నేను పాపని గడప దాటించను. నాకు ఎవరూ లేరని రెండుసార్లు చెప్పించుకున్నారు.

తెనాలి బామ్మ:
ఒక్కసారే చెప్పావు.

మంజీర:
ఇంతసేపూ పాప వాళ్ల నాన్న ఎక్కడున్నారు?

షిఫ్ట్ నాన్న:
వచ్చేసిందండీ ఈ ప్రశ్న. ఎక్కడ పిల్లల మాట వచ్చినా చివరికి మగాడి మీదికే. మా ఆవిడ నర్సు, మార్నింగ్ షిఫ్ట్ అయితే 7కే డ్యూటీలో ఉండాలి. బాబుకి నీళ్లు పోసేది, తినిపించేది, బండి మీద దింపేది నేనే. నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టు, హెల్మెట్ ఉండాలని 2022లో రూల్ పెట్టారు కదా, రెండూ కొన్నాను. ఇంత చేసినా మా అత్తగారు వచ్చినప్పుడల్లా "పాపం, తల్లి లేని పిల్లాడిలా ఉన్నాడు" అంటారు. నేను దువ్విన తల మళ్లీ దువ్వుతారు. అందుకే పావుగంట మిగిలిందంటే నాకు అంత లెక్క. బూట్ల మాట ఊరికే అనలేదు.

మంజీర:
మిమ్మల్ని అడగలేదు సార్. ఆవిడని అడిగాను.

చిన్నిఅమ్మ:
ఇంట్లోనే ఉంటారు. అమెరికా షిఫ్ట్. తెల్లవారుజామున మూడింటికి వస్తారు. పొద్దున బెడ్‌రూమ్ తలుపు వేసి ఉంటుంది.

నిజం చెప్తాను. నిన్న ఆటోకి ఇంకా ఏడు నిమిషాల టైముంది. మళ్లీ తాళం తీసి లోపలికెళ్లి, కాస్త బుజ్జగించి, బటన్ తనచేతే నొక్కించి దిగొచ్చు. మా లిఫ్ట్ ఎదురుగానే బెడ్‌రూమ్ కిటికీ. ఏడుపుకి ఆయన లేస్తారని ఎత్తుకుని పరుగెత్తాను. మెట్ల మీద దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. అత్తగారికి ఈ మాట చెప్పలేదు. నిన్నటి నుంచి నాకు తిండి సయించడం లేదు.

అంగన్‌వాడీ టీచర్:
అమ్మా, పాప బాగానే ఉంటుంది. ముందు మీరు ఇంత తినండి.

తెనాలి బామ్మ:
లేపు తల్లీ. మూడింటికి పడుకున్న మనిషి ఎనిమిదింటికి అరగంట లేచి మళ్లీ పడుకోవచ్చు. మా ఆయన రైల్వేలో నైట్ డ్యూటీ చేసేవారు. ముప్పై ఏళ్లు నేను పిల్లల నోళ్లు మూసే ఉంచాను. పెద్దవాడు ఇప్పటికీ వాళ్ల నాన్న ఉన్న గదిలో గట్టిగా మాట్లాడడు.

షిఫ్ట్ నాన్న:
చెల్లెమ్మా, ఆయన్ని అడిగారా అసలు? నన్ను ఎవరూ లేపకపోతే నేను కూడా పడుకునే ఉండేవాణ్ణి.

చిన్నిఅమ్మ:
అడగలేదు అన్నయ్యా. నిద్ర చాలక ఒకసారి బండి మీంచి పడ్డారు, మోచేతికి కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి లేపాలంటే భయం.

తెనాలి బామ్మ:
ఆదివారం సెలవేనా ఆయనకి?

చిన్నిఅమ్మ:
శని, ఆదివారాలు సెలవే.

తెనాలి బామ్మ:
అయితే ఆదివారం నువ్వు పడుకో. పాపని ఆయనే గుడికో పార్కుకో తీసుకెళ్లనీ. బూట్లు కూడా ఆయనే వేయనీ.